శత్రువు పోలిక

అన్యాయమును ఎదిరించుట కష్టము. ఎదిరించుచున్నంత కాలము ఆ అన్యాయపు అలవాట్లు తనకు అంటకుండ చూచుకొనుట అంతకంటెను కష్టము. మొదటి పనికి ధైర్యము చాలును. రెండవ పనికి ధైర్యముతోబాటు, తనను తాను ప్రతిదినము విచారించుకొను ఓపిక కావలెను. మొదటి దానిని గూర్చి పాఠ్యపుస్తకములు విశేషముగా చెప్పును. వీరుల చరిత్రలన్నియు దానిని గూర్చినవే. రెండవ దానిని గూర్చిన పాఠము అరుదు. అనంతపురము సీమ ఇటీవలి చరిత్రలో ఆ పాఠము ఉన్నది. దానిని చదువుటకు కొంత మనోనిబ్బరము అవసరము.

అనంతపురము పీఠభూమి వర్షచ్ఛాయలోని నేల. నైరుతి ఋతుపవనములు పడమటి కనుమలు దాటి వచ్చుసరికి సగము వట్టిపోవును. ఈశాన్య ఋతుపవనములు తూర్పు తీరమునుండి ఇంతదూరము చేరుసరికి అలసిపోవును. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటుగా కురియు వానపైననే రైతు ఆశ పెట్టుకొని వేరుశనగ విత్తవలెను. పెన్నానది ఈ సీమ మీదుగా పోవుచున్నదని పటము చెప్పును; ఏటిలో దిగినవానికి ఎక్కువ కాలము కనబడునది ఇసుకయే. విద్వాన్ విశ్వము 1956లో ప్రచురించిన ‘పెన్నేటి పాట’ ఈ నేల యాకలికి తెలుగు సాహిత్యమున శాశ్వతమైన చోటు కల్పించినది.

ఇట్టి నేలపై బ్రతుకు తెరువులు కొన్నియే. వానిని ఆశించువారు అనేకులు. నీరున్న బావి, చెరువు క్రింది మడి, రోడ్డు కాంట్రాక్టు, పంచాయతి పదవి, ఇవి ఎవరి చేతిలో నున్న వారికి ఊరు లోబడి యుండవలెను. పాలెగాండ్ర కాలము ముగిసినది. 1800లో నిజాము ఈ సీమను కుంపిణీకి అప్పగించెను. 1807 వరకు ఇక్కడ పెద్ద కలెక్టరుగా నున్న తామస్ మన్రో పాలెగాండ్ర బలగములను అణచివేసెను. అయినను ఊరి బలవంతుడు తన మనుష్యులను వెంట నిడుకొని తానే తీర్పు చెప్పుట, తీర్పును అంగీకరింపనివానికి బ్రతుకు లేకుండ చేయుట, ఆ తరువాతను చాల కాలము సాగినవి. ఇరువదవ శతాబ్దమున దానికి ముఠాతత్వమను పేరు వచ్చినది. వేటకొడవలియు, నాటుబాంబును దాని పనిముట్లు.

ఈ పెత్తనమును ఎదిరించినవారు లేకపోలేదు. రామగిరి ప్రాంతమున, అనగా నేటి శ్రీ సత్యసాయి జిల్లాలో, పరిటాల శ్రీరాములు భూమిలేని పేదలకు భూమి దక్కవలెనను ఉద్యమముతో సంబంధము పెట్టుకొనెను. ఆయన అడిగిన ప్రశ్న న్యాయమైనది: ఈ భూమి ఎవరిది? దున్నువాడు ఒకడు, అనుభవించువాడు మరియొకడు ఏల కావలెను? 1975లో ఆయన హత్యకు గురి యయ్యెను. అక్కడితో ప్రశ్న ముగియలేదు. కాని ఆ ప్రశ్న మారిపోయినది.

ఆ తరువాతి సంఘటనలు తెలుగువారందరికిని తెలిసినవే. రెండు కుటుంబముల నడుమ పగ పెరిగినది. 1993లో ప్రత్యర్థి పక్షమునకు చెందిన మద్దెలచెరువు సూరి యింట టెలివిజను పెట్టెలో నుంచిన బాంబు పేలి ఆయన కుటుంబములోని వారు మరణించిరి. 1997 నవంబరు 19న, శ్రీరాములు జీవితమును ఆధారముగా తీయదలచిన చలనచిత్రపు ప్రారంభోత్సవమునుండి ఆయన కుమారుడు పరిటాల రవీంద్ర తిరిగివచ్చుచుండగా, హైదరాబాదు నడివీథిలో కారుబాంబు పేలినది. 26 మంది మరణించిరి. రవీంద్ర బ్రతికెను. మృతులలో ఆ వేడుకను చిత్రించుటకు వచ్చిన టెలివిజను సంస్థ ఉద్యోగులు కలరు. వారికి ఏ పగతోను పొత్తు లేదు. 2005 జనవరి 24న అనంతపురము పట్టణమున, పార్టీ కార్యాలయపు ఆవరణలో, రవీంద్ర హత్యకు గురి యయ్యెను. 2011 జనవరి 3న హైదరాబాదులో సూరియు కాల్చి చంపబడెను. 2018లో న్యాయస్థానము ఆ నేరమునకు సూరి అనుచరునే దోషిగా నిర్ణయించెను.

ఏ దెబ్బకు ఎవరు బాధ్యులో తేల్చుట న్యాయస్థానముల పని. ఇక్కడ విచారింపవలసినది వేరు. 1975కు పూర్వము ఆ పల్లెలలో వినబడిన ప్రశ్న ‘ఈ భూమి ఎవరిది?’ అనునది. ఇరువదియేండ్లు గడచునప్పటికి అక్కడ మిగిలిన ప్రశ్న ‘వాడు ఎవరి మనిషి?’ అనునది. మొదటి ప్రశ్న పేదవానిది. రెండవ ప్రశ్న పాలెగానిది. పేదవాని ప్రశ్నతో మొదలైన కలహము పాలెగాని ప్రశ్నతో సాగినపుడు, ఏ పక్షము గెలిచినను గెలిచినది పాలెగాడే. ఈ ముప్పది నలుబది యేండ్లలో చంపినవారును, చచ్చినవారును, చెరసాలకు పోయినవారును అధికముగా చిన్నరైతుల బిడ్డలు, కూలీల బిడ్డలు. వారి తండ్రులకు భూమి లేకపోవుటయే మొదటి తగవు.

ఈ మార్పు ఎట్లు వచ్చును? ఒక మనిషి ఒకనాటి ఉదయము లేచి, నేటినుండి నేను నా శత్రువువలె నుందునని సంకల్పించుకొనడు. ఈ సీమ రైతులకు బోరుబావుల పందెము తెలియును. ఒక రైతు రెండువందల అడుగులు త్రవ్వించును. పక్క పొలమువాడు మూడువందలు త్రవ్వించును. మొదటివాని బావి యెండును. అతడు అప్పు చేసి నాలుగువందలు త్రవ్వించును. ఇద్దరును దుర్మార్గులు కారు. ఇద్దరికిని కావలసినది పైరుకు ఒక తడి. కాని ఒకని లోతును మరియొకడు కొలబద్దగా తీసికొనుటచేత, కొన్ని యేండ్లకు ఇద్దరి బోర్లును దుమ్ము వెలిగ్రక్కును. తన అవసరమును విడిచి ఎదుటివాని లోతును కొలతగా పెట్టుకొనుటయే ఆ పందెములోని దోషము. ఉద్యమములోను జరుగునది ఇదియే.

మొదట ఎదుటివానికి బలగ మున్నది గనుక మనకును బలగము కావలెనందురు. అది ఆత్మరక్షణ, తప్పు పట్టుట సులభము కాదు. తరువాత బలగము నిలుపుటకు డబ్బు కావలెను; డబ్బు వచ్చు త్రోవలు ఎదుటివాడు ముందే వేసి యుంచినాడు. కాంట్రాక్టులు, వాటాలు, వసూళ్లు వచ్చును. లెక్క అడిగినవానికి ‘ఇది సమయము కాదు’ అను సమాధానము వచ్చును. ఆపైన, ప్రశ్న అడుగుటయే ద్రోహ మగును. లోపలి విమర్శకుడు ఎదుటి పక్షపు గూఢచారి యగును. చివరకు చావుల లెక్క మారును: మనవాడు చచ్చినచో అతనికి పేరుండును, తల్లియుండును, స్మారకస్తూపముండును; ఎదుటివాడు చచ్చినచో అతడొక సంఖ్య. ఈ మెట్లలో ఏ ఒక్క మెట్టును ఎత్తైనది కాదు. అందుచేతనే దిగుచున్నవానికి తాను దిగుచున్నట్లు తోచదు.

ఈ జాడ్యము ఒక సీమకు, ఒక భాషకు చెందినది కాదు. ఫ్రెంచి విప్లవకాలమున రాబెస్పియరు 1791లో జాతీయ సభలో మరణశిక్షను రద్దు చేయవలెనని వాదించెను. రాజ్యము మనిషిని చంపుట న్యాయము కాదని అనిన ఆ న్యాయవాదియే 1793, 1794 సంవత్సరములలో వేలమందిని వధ్యశిలకు పంపిన ప్రభుత్వమున ప్రముఖుడాయెను. 1794 జూలై 28న ఆయన తలయు అదే యంత్రము క్రింద తెగినది. ఆయన 1791లో చెప్పినది అబద్ధము కాదు, మనస్ఫూర్తిగా చెప్పినదే. మనస్ఫూర్తి యొక్కటియే మనిషిని కాపాడదని ఆ చరిత్ర తెలుపును.

అనంతపురము నేల ఈ జాడ్యమునే గాక, దానిని గుర్తించి నిలిచినవారిని గూడ కన్నది. తరిమెల నాగిరెడ్డి 1917లో తరిమెల గ్రామమున కలిగిన కుటుంబమున జన్మించెను. విద్వాన్ విశ్వముది గూడ ఆ ఊరే. ఇద్దరును కలిసి నవ్యసాహిత్యమాలను నడిపిరి. 1952 ఎన్నికలలో నాగిరెడ్డి అనంతపురమున నీలం సంజీవరెడ్డిని ఓడించెను. సంజీవరెడ్డి ఆయన తోబుట్టువు భర్త. ఒకే బంధువర్గములోని ఇద్దరు పెద్దలు రెండు పక్షములుగా నిలిచి పోరాడగా, తీర్పు చెప్పినది ఓటు, కొడవలి కాదు. ఇదియు ఈ సీమ చరిత్రయే యని విద్యార్థులు గుర్తుంచుకొనదగును.

తరువాత నాగిరెడ్డి మార్గము వేరైనది. శాసనసభ వలన పేదలకు మేలు జరుగదని తలచి 1969 మార్చిలో సభ్యత్వమునకు రాజీనామా చేసెను. ఆయన అహింసావాది కాడు. సాయుధపోరాటమును త్రోసిపుచ్చినవాడు కాడు. ఆయన మార్గమును అంగీకరింపనివారు అనేకులు. కాని ఆ కాలముననే చారు మజుందారు బోధించిన వ్యక్తి నిర్మూలన పద్ధతిని, అనగా చిన్న దళములు రహస్యముగా పోయి వర్గశత్రువులని పేర్కొనిన వ్యక్తులను చంపు పద్ధతిని, ఆయన అంగీకరింపలేదు. ప్రజలు కదలిరాని చోట వారి పేర నలుగురు మనుష్యులు చేయు హత్య ప్రజాపోరాటము కాజాలదని ఆయన పక్షము. కుట్రకేసులో న్యాయస్థానము ఎదుట చెప్పుకొనుటకు ఆయన సిద్ధపరచిన వాదన ‘తాకట్టులో భారతదేశం’ అను గ్రంథముగా వెలువడినది. అందు ఆయన శత్రువుగా చూపినది ఒక ఆర్థిక వ్యవస్థను. ఒక మనిషి మెడను కాదు. శత్రువు వ్యవస్థ యని నమ్మినవాడు లెక్కలు చదువును, జనమును కూడగట్టును. శత్రువు మనిషి యని నమ్మినవాడు కాపువేసి పొంచి యుండును. పగ పుట్టునది ఈ రెండవ నమ్మకమునుండియే. నాగిరెడ్డి 1976లో, అత్యవసర పరిస్థితి కాలమున, అజ్ఞాతవాసములో నుండగనే మరణించెను.

ఈ సీమతో బంధమున్న మరియొకని జీవితము వరంగల్లులో మలుపు తిరిగినది. కె. బాలగోపాల్ అనంతపురము జిల్లాకు చెందిన మహాపండితుడు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ దౌహిత్రుడు. గణితశాస్త్రమున పరిశోధన చేసి కాకతీయ విశ్వవిద్యాలయమున ఉపాధ్యాయుడై, ఆ వృత్తిని విడిచి పౌరహక్కుల ఉద్యమమున ప్రవేశించెను. 1983 నుండి పౌరహక్కుల సంఘమునకు ప్రధాన కార్యదర్శిగా నుండెను. పోలీసులు ‘ఎదురుకాల్పులు’ అని చెప్పు మరణములను ఊరూర తిరిగి విచారించి, నిజమును ప్రకటించుట ఆ సంఘపు ముఖ్యకార్యము. అందుకు ఆ సంఘము చెల్లించిన మూల్యము తక్కువ కాదు. 1985 సెప్టెంబరు 3న వరంగల్లులో, క్రిందటి రోజు నక్సలైట్ల చేతిలో మరణించిన పోలీసు అధికారి శవయాత్ర సాగుచుండగా, ఆ ఊరేగింపులోని వారు డాక్టరు రామనాథము ఆసుపత్రిలో చొరబడి ఆయనను కాల్చి చంపిరి. ఆయన పసిపిల్లల వైద్యుడు. పౌరహక్కుల సంఘమునకు ఉపాధ్యక్షుడు. శత్రువు పోలిక తెచ్చుకొనుట ఉద్యమకారులకే పరిమితము కాదని ఆ దినము తెలిపినది. చట్టమును కాపాడవలసినవారు చట్టమును చంపినవానివలె వర్తించిరి.

అట్టి దెబ్బలు తిన్న సంఘములో నిలిచి, తన పక్షమును తాను ప్రశ్నించుట సామాన్యము కాదు. బాలగోపాల్ ప్రశ్నించెను. రాజ్యము చేయు హింసను విచారించు సంఘము, విప్లవకారుల చేతిలో సామాన్యులు చచ్చినపుడు మౌనముగా నుండవచ్చునా యనునది ఆ ప్రశ్న. ఇన్‌ఫార్మరని ముద్రవేసి ఒక కూలివానిని చంపినచో, అతని భార్యకు ఆ సంఘము ఏమి సమాధానము చెప్పును? అభిప్రాయభేదము ముదిరి 1998లో ఆయన ఆ సంఘమును విడిచి, సహచరులతో మానవహక్కుల వేదికను స్థాపించెను. 2009లో మరణించువరకు రాజ్యహింసను ఎదిరించుటలో ఆయన ఒక అడుగైనను వెనుకకు వేయలేదు. ప్రశ్నించుట వలన పోరాటము బలహీనపడునను వాదమునకు ఆయన జీవితమే సమాధానము.

ఇదే కాలమున విశ్రాంత ఐ.ఎ.ఎస్. అధికారి ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వమున ఏర్పడిన పౌరస్పందన వేదిక ప్రభుత్వమునకును, నక్సలైట్లకును సమానమైన ధైర్యముతో లేఖలు వ్రాసినది. శంకరన్‌ను 1987లో నక్సలైట్లు తూర్పుగోదావరి మన్యమున అపహరించి నిర్బంధించియుండిరి. ఆయన ఆ అనుభవమును పగగా దాచుకొనక, చర్చలకు త్రోవ వెదకుటలో వినియోగించెను. 2004 అక్టోబరులో హైదరాబాదున ప్రభుత్వమునకును, నక్సలైట్లకును చర్చలు జరిగినవి. అవి నిలువలేదు, 2005 జనవరి నాటికి భంగమైనవి. అయినను ఇరుపక్షముల చావులను ఒకే పుస్తకమున వ్రాయుట సాధ్యమని ఆ ప్రయత్నము చూపినది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రాగలదు. అది త్రోసివేయదగినది కాదు. ‘మీరును వారివలె నైనారు’ అను మాటను మొదట పలుకువాడు తరచుగా బలవంతుడే. వందయేండ్లు కొట్టినవాడు, కొట్టించుకొనినవాడు ఒకసారి చేయి ఎత్తగానే, ‘చూచితిరా, ఇద్దరును ఒకటే’ అనును. ఈ తక్కెడ దొంగతక్కెడ. భూమి లేని కూలి పట్టిన కర్రయు, భూమియు అధికారమును గలవాని తుపాకియు సమానము కావు. ఆ మాటను కూలి నోరు మూయించుటకు వాడువాడు న్యాయము చెప్పుట లేదు. తన ఆస్తిని కాపాడుకొనుచున్నాడు. కావున హెచ్చరిక యొక్క తాత్పర్యము ఎదిరింపును మానుమని కాదు. ఎదిరింపు ఎవరి కొరకు మొదలైనదో వారి చేతినుండి జారిపోకుండ చూచుకొనుమని. రామగిరి పల్లెలలో పేదలు నష్టపోయినది వారు ఎదిరించుట వలన కాదు. వారి ఎదిరింపు వారి చేయి దాటి బలగముల చేతిలో పడుట వలన.

దీనిని కనిపెట్టుటకు కొలతలు లేకపోలేదు, అవి సామాన్యమైనవే. ఆ సంఘములో లెక్క అడిగినవాడు నిర్భయముగా ఇంటికి పోగలడా? నాయకుని తప్పును నాయకుని ఎదుట చెప్పు వాడుక ఉన్నదా? ఎదుటి పక్షపు తల్లి యేడ్పు వినినపుడు ఆ సంఘమునకు కష్టము తోచుచున్నదా, తృప్తి తోచుచున్నదా? తనకు అధికారము వచ్చిన మరునాడు, క్రిందటి దినము తాను ఖండించిన చట్టమును తాను వాడకుండ ఉండగలదా? ఈ నాలుగు ప్రశ్నలకు తలయెత్తి సమాధానము చెప్పగల సంఘము చిన్నదైనను ఉద్యమమే. చెప్పలేనిది ఎంత పెద్దదైనను ముఠాయే. దాని జెండా రంగు ఏదైనను కావచ్చును.

ఈ ప్రశ్నలు పాఠశాలకు దూరమైనవి కావు. వసతిగృహమున పెద్దతరగతివారి వేధింపునకు ఏడ్చిన బాలుడు, మరుసటి యేడు తాను పెద్దవాడై క్రొత్తగా వచ్చినవానిని ఏడ్పించుట ప్రతి ఉపాధ్యాయునకు తెలిసినదే. ‘నేను పడితిని, వాడును పడవలెను’ అనునది ఆ బాలుని తర్కము. పల్లెలలో కొడవలిని తండ్రినుండి కొడుకునకు అందించినది ఆ తర్కమే. ఆ గొలుసును ఒకచోట త్రెంపవలెనన్న, ‘నేను పడితిని గనుక వాడు పడరాదు’ అనగల బాలుడొకడు కావలెను. అట్టివానిని తయారుచేయుట ఉపాధ్యాయుని వంతు. అదియు బెత్తముతో సాగదు. బెత్తము చేతబట్టి అహింసను బోధించు గురువు, తనకు తెలియకయే, రెండవ పాఠమొకటి బోధించుచున్నాడు; పిల్లలు ఆ రెండవదానినే నేర్చుకొందురు. విద్యార్థి సంఘములకును ఇదియే వర్తించును. అన్నములో రాళ్లున్నవని సమ్మెచేసిన సంఘపు నాయకునికి, సమ్మె గెలిచిన పిమ్మట వంటశాలలో వేరుగా వడ్డన జరుగుచున్నచో, ఆ సమ్మెలో గెలిచినవా రెవరో అడుగువాడొకడు ఆ భోజనశాలలోనే లేవవలెను. వానిని ద్రోహియని కేకలువేయక కూర్చుండి వినుటయే ఆ సంఘమునకు పరీక్ష.

కరవు నేలలో వాన మనిషి చేతిలో లేదు. ఋతుపవనములు దయతలచినపుడే కురియును. కాని పడిన చినుకును ఎవరి పొలమునకు మళ్లింపవలెనను నిర్ణయము మనిషి చేతిలో ఉన్నది. దానికొరకు పోరాడవలసిన దినములు ఈ సీమకు ఇంకను కలవు. భూమి, నీరు, కూలి, చదువు, వీనిలో ఏ ప్రశ్నయు తీరలేదు. ఆ పోరాటములు సాగవలెను. నేడు తరగతిలో కూర్చున్న పిల్లలే రేపు వానిని నడుపవలెను. నడుపునపుడు, తమ ముందరివారు ఏ మలుపున త్రోవ తప్పిరో వారికి తెలిసియుండవలెను: ‘ఈ భూమి ఎవరిది?’ అను ప్రశ్నను విడిచి, ‘వాడు ఎవరి మనిషి?’ అని అడిగిన మలుపున.